చిన్న పుస్తకాల కొట్టులో రచయితతో సాయంత్రం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పేటలో ఉండే చిన్న పుస్తకాల కొట్టులో కొత్త పుస్తకం పరిచయం, రచయితతో ముఖాముఖి ఏర్పాటు చేయడం గురించి చాలా ఉత్తరాలు వచ్చాయి. కొట్టు నడిపేవారు, పుస్తకం రాసినవారు, రచయితను మాట్లాడించే బాధ్యత నెత్తిన పడ్డవారు అందరూ రాశారు. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా కొట్టులో మధ్య బీరువాలు పక్కకు జరిపితే 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు జాగా వస్తుంది. ఎంతమందిని కూర్చోబెట్టవచ్చు? ప్రతిసారీ బీరువాలు మోయలేక చక్రాలు వేయిద్దామనుకుంటున్నాం. మంచిదేనా?

పదిహేను మంది హాయిగా, పద్దెనిమిది మంది ఇరుగ్గా కూర్చోవచ్చు. ముందువైపు 5 అడుగులు రచయితకూ, మాట్లాడించేవారికీ, నీళ్ల గ్లాసు పెట్టే చిన్న బల్లకూ వదిలేయండి. మిగిలిన 10 అడుగుల్లో వరసకు 3 అడుగుల చొప్పున మూడు వరసలు పడతాయి. ఇంకో వరస ఇరికిద్దామని దగ్గరగా జరిపితే మోకాళ్లు ముందు కుర్చీకి తగులుతాయి, మధ్యలో ఒకరు లేవాలంటే వరస వరసంతా లేవాలి. వెడల్పులో నడవడానికి 3 అడుగులు తీసేస్తే 9 అడుగులు మిగులుతుంది. మడత కుర్చీ సుమారు ఒకటిన్నర అడుగు ఉంటుంది కాబట్టి వరసకు ఆరు పడతాయి, కానీ భుజాలు రాసుకుంటాయి. ఐదు వేయండి. మరో ఎనిమిది పది మంది బీరువాల మధ్య నిలబడి వినగలరు.

కుర్చీలన్నీ ముందే పరచకండి. పన్నెండు వేసి, మిగిలినవి మడిచి గోడకు ఆనించండి. ఖాళీ కుర్చీలు ఎక్కువగా కనబడితే మొదట వచ్చినవాళ్లు వెనక వరసలోకి వెళ్లిపోతారు. ముందు వరస బోసిగా ఉండి, రచయిత ఖాళీ కుర్చీలతో మాట్లాడవలసి వస్తుంది. జనం పెరిగేకొద్దీ కుర్చీలు విప్పి వెనకాల చేర్చుకుంటూ పోతే గది ఎప్పుడూ నిండుగానే ఉంటుంది.

రచయిత కుర్చీ ఎక్కడ వేస్తారన్నది జాగా ఎంత అన్నదాని కంటే ముఖ్యం. వాకిలి వినేవాళ్ల వీపు వైపు ఉండాలి. వాకిలి పక్కనే రచయితను కూర్చోబెడితే ఆలస్యంగా వచ్చే ప్రతి మనిషి వైపూ అందరి తలలూ తిరుగుతాయి. కిటికీ రచయిత వెనక ఉండకూడదు. సాయంత్రం వెలుగు వెనక నుంచి పడితే ముఖం నల్లగా కనిపిస్తుంది, ఫొటోలు కూడా పాడవుతాయి. అన్నిటికంటే మంచి చోటు పుస్తకాలు నిండిన బీరువా ముందు. ఎత్తుపల్లాలుగా ఉన్న పుస్తకాల వరస శబ్దాన్ని కొంత పీల్చుకుని, మిగిలింది చెదరగొడుతుంది. అద్దం ముందో, బోసి గోడ ముందో మాట మారుమోగుతుంది.

ఇక చక్రాలు. వేయించండి, కానీ బరువు లెక్కగట్టి వేయించండి. ఒత్తుగా పేర్చిన పుస్తకాలు అడుగు పొడవుకు దాదాపు 10 కిలోలు తూగుతాయి. 3 అడుగుల వెడల్పు, నాలుగు అరలు, రెండు వైపులా పుస్తకాలు ఉన్న బీరువాలో మొత్తం 24 అడుగుల వరస ఉంటుంది. అంటే 240 కిలోలు. చెక్క బరువు మరో 40 అనుకుంటే 280. దీన్ని నాలుగు చక్రాలతో కాదు, మూడుతో భాగించాలి. నేల ఎక్కడో ఒకచోట ఎగుడుదిగుడుగా ఉంటుంది, అక్కడ ఒక చక్రం గాలిలో తేలి భారమంతా మూడింటి మీదే పడుతుంది. లెక్క 93 వచ్చింది కాబట్టి ఒక్కొక్కటి 100 కిలోలు మోసే చక్రం తీసుకోండి. బ్రేకు ఉన్నవే కొనండి. 3 అంగుళాలకు తగ్గితే పలకల సందుల్లో ఇరుక్కుంటాయి. బీరువా ఎత్తు నాలుగున్నర అడుగులు దాటనివ్వకండి, బరువైన పుస్తకాలు కింది అరలోనే ఉంచండి, నెట్టేటప్పుడు ఒక చివర పట్టుకుని పొడవు వెంబడే నెట్టండి. అడ్డంగా నెడితే బీరువా ముందుకు తూలుతుంది.

జరిపిన బీరువాలు బయటికి వెళ్లే దారికి గానీ, మంటలార్పే సిలిండరుకు గానీ అడ్డం రాకూడదు. గది నిండిపోయి ఆ దారిలోనే కుర్చీలు వేయాల్సి వస్తే, ఇంకెవరినీ లోపలికి తీసుకోకండి.

ప్రశ్న: ఎన్ని కాపీలు తెప్పించాలి? ఒకసారి చాలక, ఒకసారి మిగిలిపోయి ఇబ్బంది పడ్డాం.

వచ్చేవాళ్ల లెక్క వేరు, కొనేవాళ్ల లెక్క వేరు. మొదటిసారి చేసేటప్పుడు కుర్చీల సంఖ్యలో సగం కాపీలతో మొదలుపెట్టండి. తర్వాత రెండు విషయాలు చూసి సవరించుకోండి. పుస్తకం వచ్చి వారమే అయితే రచయిత స్నేహితులూ బంధువులూ ఇంకా కొని ఉండరు, కాబట్టి పెంచండి. మూడు నెలలై, మరోచోట ఆవిష్కరణ కూడా అయిపోయి ఉంటే ఆ వర్గమంతా ఇప్పటికే కొనేసి ఉంటుంది, తగ్గించండి. రచయిత పాత పుస్తకాలు రెండేసి, మూడేసి కాపీలు తప్పకుండా పెట్టండి. కొత్తది ఇదివరకే ఉన్నవాళ్లు ఆ సాయంత్రం ఏదో ఒకటి పట్టుకెళ్లాలనే అనుకుంటారు.

ఆర్డరు నాలుగు వారాల ముందు పెట్టండి, కట్ట వారం ముందు మీ చేతికి రావాలి. వచ్చిన రోజే విప్పండి. ఫారాలు తలకిందులుగా కుట్టినవి, పేజీలు ఎగిరిపోయినవి, అట్ట తడిసినవి అందులో ఉంటే మార్పించుకోవడానికి ఆ వారం పనికొస్తుంది. సభ రోజు మధ్యాహ్నం కట్ట విప్పేవాళ్లకు ఆ అవకాశం ఉండదు.

ఆర్డరులో పుస్తకం పేరొక్కటే రాయకండి, ఐఎస్‌బీఎన్ అనే పుస్తకం గుర్తింపు నంబరు కూడా రాయండి. అదే పుస్తకం మెత్తటి అట్టకు ఒక నంబరు, గట్టి అట్టకు మరో నంబరు, మార్పులతో వచ్చిన కొత్త కూర్పుకు ఇంకో నంబరు ఉంటాయి. 2007 జనవరి 1 నుంచి ఇది 13 అంకెలు. అంతకు ముందు పుస్తకాల మీద 10 అంకెలే కనిపిస్తాయి. పేరు చెప్పి తెప్పిస్తే గోదాములో మిగిలిన పాత కూర్పు వచ్చి పడుతుంది. రచయిత చదివే పేజీ ఒకటి, వినేవాళ్ల చేతిలో పేజీ మరొకటి అవుతుంది.

అమ్ముడుపోనివి వెనక్కి తీసుకుంటారా, ఎన్నాళ్లలోపు పంపాలి, రవాణా ఖర్చు ఎవరిది అన్న మూడు మాటలూ ఆర్డరుకు ముందే రాతపూర్వకంగా తెచ్చుకోండి. సంతకం పడిన కాపీని మామూలుగా వెనక్కి తీసుకోరు. కాబట్టి రచయిత ఉత్సాహంగా ఉన్నారు కదా అని మిగిలిన కాపీలన్నిటికీ సంతకాలు చేయించకండి. రెండు నెలల్లో అమ్మగలమనుకున్నన్నింటికి చాలు.

ప్రశ్న: నా పుస్తకం నేనే అచ్చేయించుకున్నాను. కాపీలు నేనే తెచ్చి కొట్టులో పెట్టుకోవచ్చా?

చక్కగా పెట్టుకోవచ్చు. అమ్మితేనే డబ్బు అనే ఒప్పందం ఇలాంటి సందర్భానికి సరిపోతుంది. ఒక కాగితం మీద ముఖవెల, కొట్టుకు ఎంత శాతం, ఇచ్చిన కాపీలు ఎన్ని, డబ్బు ఏ తేదీకి ఇస్తారు, మిగిలినవి ఏ తేదీలోగా తీసుకెళ్లాలి, చిరిగినా పోయినా నష్టం ఎవరిది అన్నవి రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. బిల్లు మాత్రం కౌంటరులోనే వేయించండి. మీరు సంచిలోంచి తీసి స్నేహితులకు నేరుగా అమ్మితే కొట్టు లెక్క తేలదు, ఆ కొట్టు మిమ్మల్ని మళ్లీ పిలవదు.

ప్రశ్న: కొట్టువాళ్లు గంటన్నర సమయం ఇచ్చారు. నా నవల ఎంతసేపు చదవాలి? చదివేటప్పుడు గొంతు వణుకుతుంది.

గంటన్నరనూ మాటతో నింపకండి. చదవడం, సంభాషణ కలిపి 40 నిమిషాలు, వినేవాళ్ల ప్రశ్నలకు 15 నుంచి 20 నిమిషాలు. మిగిలింది సంతకాలకూ, నిలబడి మాట్లాడుకోవడానికీ. చదవడానికి 10 నుంచి 12 నిమిషాలు చాలు, అది కూడా ఒకే దమ్ములో కాకుండా రెండు ముక్కలుగా. మొదటి ముక్క సభ మొదలైన ఐదు నిమిషాల్లోనే పడాలి. అప్పుడే వినేవాళ్లకు మీ వాక్యం ఎలా ఉంటుందో తెలుస్తుంది, ఆ తర్వాత జరిగే సంభాషణకు ఒక ఆధారం దొరుకుతుంది.

ముక్కను ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. నవల మొదటి మూడో వంతులోంచి తీసుకోండి, ముందు కథ చెప్పాల్సిన అవసరం తగ్గుతుంది. రెండు పాత్రలకు మించి మాట్లాడే ఘట్టం వద్దు. కంటితో చదివేవాడికి ఎవరు ఏ మాట అన్నారో పేజీ చెబుతుంది, చెవితో వినేవాడికి చెప్పేది మీ గొంతొక్కటే. ముక్క ముగిసేచోట కథ ఒక ప్రశ్న మీద ఆగితే మంచిది. చివరి మలుపు మాత్రం బయటపెట్టకండి.

అచ్చు పుస్తకంలోంచి నేరుగా చదవడం కంటే, చదవబోయే భాగాన్ని పెద్ద అక్షరాల్లో, 16 పాయింట్లకు తగ్గకుండా, ఒకవైపే ముద్రించుకోవడం మేలు. చేతులు వణికినా వరస తప్పదు, కొట్టులో వెలుతురు తక్కువైనా ఇబ్బంది ఉండదు. ఆ కాగితం మీద మీ వాక్యాలను నిర్మొహమాటంగా కత్తిరించండి. వెళ్లి, చూసి, విని, తిరిగి వచ్చి అంటూ అసమాపక క్రియలు పేర్చుకుంటూ పోయే తెలుగు వాక్యం కంటికి అందంగానే ఉంటుంది, ఊపిరికి మాత్రం బరువు. అసలు క్రియ వచ్చేసరికి వినేవాళ్లు కర్తను మరిచిపోతారు. అలాంటిదాన్ని చదవడం కోసం రెండు వాక్యాలుగా విడగొట్టండి. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే చదవాలన్న నియమం ఏమీ లేదు. ఊపిరి తీసుకునే చోట నిలువు గీత పెట్టుకోండి. యాస ఉన్న సంభాషణను ఇంట్లో నాలుగైదుసార్లు బిగ్గరగా చదివి చూసుకోండి, గొంతుకు పట్టని యాసను సభలో మొదటిసారి ప్రయత్నించకండి.

గడియారం పెట్టుకుని మూడుసార్లు చదవండి. ఇంట్లో 6 నిమిషాలు పట్టిన ముక్కను కంగారులో 4 నిమిషాల్లో ముగిస్తారు. గొంతు వణకడానికీ సగం కారణం ఆ వేగమే. ఊపిరి చాలక గొంతు బిగుసుకుంటుంది. మొదటి వాక్యం చదివి, తల ఎత్తి, రెండు లెక్కపెట్టేంతసేపు ఆగండి. మీకు అది యుగంలా అనిపిస్తుంది, వినేవాళ్లకు తెలియనే తెలియదు. నీళ్లు గది వేడిమిలో ఉన్నవే తాగండి.

కవులకు ఒక మాట. ఐదారు కవితలు చాలు. ఒక్కో కవిత తర్వాత ఒక క్షణం మౌనం వదలండి. చదవకముందే కవిత అర్థం చెప్పేస్తే వినడానికి ఏమీ మిగలదు. చరిత్ర, సైన్సు లాంటి పుస్తకాలు రాసినవారు చదవడం బాగా తగ్గించి, ఒక విషయం ఎలా తెలుసుకున్నారో నోటితో చెప్పడం మంచిది.

ప్రశ్న: రచయితను మాట్లాడించమని నన్ను పిలిచారు. పుస్తకం నచ్చింది. ఏం అడగాలో తెలియడం లేదు.

పుస్తకం రెండుసార్లు చదవండి. మొదటిసారి పాఠకుడిలా, రెండోసారి పెన్సిలుతో. పది ప్రశ్నలు రాసుకోండి, సభలో ఐదారు వాడతారు. మిగిలినవి రచయిత పొడిపొడిగా జవాబులిచ్చినప్పుడు ఆదుకుంటాయి.

‘ఈ పుస్తకం రాయడానికి ప్రేరణ ఏమిటి’ అని మొదలుపెట్టకండి. రచయిత ఆ జవాబు ఇదివరకే చాలాసార్లు చెప్పి ఉంటారు, మళ్లీ అదే వల్లిస్తారు. పుస్తకంలోని ఒక చోటును పట్టుకుని అడగండి. ‘మూడో అధ్యాయంలో తల్లి ఒక్క మాటా మాట్లాడదు. మొదటి రాతలో కూడా అలాగే ఉందా?’ అన్న ప్రశ్నకు అప్పటికప్పుడు ఆలోచించి జవాబు చెప్పాలి. పుస్తకం చదవనివాళ్లకు కూడా అర్థమయ్యేలా ఆ ఘట్టాన్ని ఒక్క వాక్యంలో చెప్పి అప్పుడు అడగండి, ఎందుకంటే గదిలో ఎక్కువమంది చదవకుండానే వస్తారు. తీసేసిన అధ్యాయాల గురించి, పేరు మార్చిన పాత్రల గురించి, కుదరక ఆపేసి మళ్లీ మొదలుపెట్టిన చోట్ల గురించి అడిగితే రచయితలు మనసు విప్పి మాట్లాడతారు.

మీ ప్రశ్న మూడు వాక్యాలు దాటిందంటే అది ఉపన్యాసం అయిపోయినట్టే. చదివి మెచ్చుకున్నవాళ్లే ఈ పొరపాటు ఎక్కువ చేస్తారు. వచ్చినవాళ్లు వినాలనుకుంటున్నది రచయితను. పరిచయం కూడా రెండు నిమిషాల్లో ముగించండి. బిరుదుల జాబితా చదవకుండా, ఈ పుస్తకం దేని గురించి, ఈ రచయితే ఎందుకు రాయగలిగారు అన్నవి చెబితే సరిపోతుంది.

మూడు నాలుగు రోజుల ముందు రచయితతో 20 నిమిషాలు ఫోనులో మాట్లాడండి. అడగకూడని విషయాలు ఏమైనా ఉన్నాయా, పేరు ఎలా పలకాలి, ఏ పేజీలు చదువుతారు అన్నవి తెలుసుకోండి. ప్రశ్నలన్నీ ముందే చెప్పేసి సాధన మాత్రం చేయించకండి. మొదటిసారి చెప్పినప్పుడు ఉన్న తాజాదనం రెండోసారి ఉండదు.

ప్రశ్న: వినేవాళ్లను అడగమంటే మొదట ఎవరూ నోరు విప్పరు. తర్వాత ఒకరు మైకు తీసుకుని పది నిమిషాలు వదలరు. ఏం చేయాలి?

మైకు వాళ్ల చేతికి ఇవ్వకండి. మీరో, కొట్టు మనిషో పట్టుకుని వారి నోటి దగ్గర పెట్టండి. చేతిలో ఉన్న మైకు తిరిగి తీసుకోవడం కష్టం, మీ చేతిలో ఉన్నదాన్ని వెనక్కి తెచ్చుకోవడం తేలిక. చిన్న గదిలో మైకే అక్కర్లేదు. ప్రశ్న విని, దాన్ని మీరు కుదించి అందరికీ మళ్లీ చెప్పండి. ఇలా చేస్తే వెనకవాళ్లకు వినిపిస్తుంది, రచయితకు ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది, పొడుగాటి ప్రశ్న దానంతట అదే పొట్టిదవుతుంది.

మాట సాగిపోతుంటే వాక్యం ముగిసే దాకా ఆగకండి, ఊపిరి తీసుకునే చోట అందుకోండి. ‘మీరన్నదాంట్లో ఫలానా మాట మీద రచయిత ఏమంటారో విందాం’ అంటే అడిగినవారికీ గౌరవం దక్కుతుంది. మొదటి మౌనాన్ని విడగొట్టడానికి ఒకరిద్దరు స్నేహితులను ప్రశ్న సిద్ధం చేసుకోమని ముందే చెప్పి ఉంచవచ్చు. ‘ప్రశ్నలేమైనా ఉన్నాయా?’ అని అడిగి మూడు సెకన్లకే ‘లేవనుకుంటా’ అనేవాళ్లను చూస్తుంటాం. పది సెకన్లు ఆగండి. ఎవరో ఒకరు చెయ్యెత్తుతారు. ‘ఇంకో రెండు ప్రశ్నలు’ అని ముందుగా చెప్పి, బలమైన జవాబు దగ్గర ఆపేయండి. రెండోది రాలేదని ఎవరూ లెక్క అడగరు.

ప్రశ్న: మైకు కూత పెడుతోంది. శబ్దం తగ్గిస్తే వెనకవాళ్లకు వినబడటం లేదు. కొత్త సెట్టు కొనాలా?

కొనేముందు స్పీకరు చోటు మార్చి చూడండి. స్పీకరులోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులోకి దూరి, పెద్దదై స్పీకరులోంచి వచ్చి, మళ్లీ మైకులోకి పోతుంది. ఆ చక్రమే కూత. కాబట్టి స్పీకరు మైకు కంటే ముందు, వినేవాళ్ల వైపు తిరిగి ఉండాలి. రచయిత వెనక బీరువా మీద పెట్టిన స్పీకరు ఎంత ఖరీదైనదైనా కూస్తుంది. కూర్చున్నవాళ్ల తలల కంటే కొంచెం పైకి, ఐదు ఐదున్నర అడుగుల ఎత్తులో ఉంచితే ముందు వరసవాళ్ల వీపులు శబ్దాన్ని మింగేయకుండా వెనకదాకా చేరుతుంది.

తర్వాత నోటికీ మైకుకూ ఉన్న దూరం. నాలుగు వేళ్ల ఎడం నుంచి పిడికిలంత ఎడం లోపల ఉండాలి. దూరం రెట్టింపైతే మైకుకు చేరే గొంతు 6 డెసిబెళ్లు పడిపోతుంది. దాన్ని పూడ్చడానికి మీరు శబ్దం పెంచుతారు, కూత మొదలవుతుంది. రచయిత పుస్తకం వైపు తల వంచి చదువుతారు కాబట్టి స్టాండు మీది మైకు కిందికి, వంచిన నోటికి ఎదురుగా ఉండేలా సర్దండి. తల ఎత్తి ఉన్నప్పుడు సర్దిన మైకు చదవడం మొదలుకాగానే దూరమైపోతుంది.

గాయకుల్లా మైకు జాలీని గుప్పిట్లో మూసి పట్టుకోవద్దని చెప్పండి. మామూలు చేతి మైకు ముందు నుంచి వచ్చే శబ్దాన్నే ఎక్కువగా తీసుకునేలా తయారవుతుంది. జాలీ వెనక సందులు మూస్తే ఆ గుణం పోయి, అన్ని వైపుల నుంచీ తీసుకోవడం మొదలుపెట్టి కూస్తుంది. తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ కూత రాకుండా పెంచుకోగల శబ్దం 3 డెసిబెళ్లు తగ్గుతుంది. మాట్లాడనివారి మైకు కట్టేసి ఉంచండి.

తీగలేని మైకుల్లో కొన్ని 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. చాలా వైఫై పరికరాలు కూడా అక్కడే ఉంటాయి. గదినిండా ఫోన్లు చేరాక మాట తెగిపోవడానికి అది ఒక కారణం. రిసీవరును వైఫై పెట్టెకు దూరంగా, మైకుకు కనిపించేలా పెట్టండి. బ్యాటరీలు ప్రతి సభకూ కొత్తవి వేయండి.

ఖాళీ గదిలో సరిపోయిన శబ్దం జనం నిండాక చాలదు, మనుషులూ బట్టలూ కొంత పీల్చుకుంటారు. కాస్త పెంచుకునే వీలు మిగుల్చుకోండి. పదిహేను మంది ఉన్న నిశ్శబ్దమైన గదిలో మైకు లేకపోయినా నడుస్తుంది. అయినా ఒక్క ప్రశ్న వేసుకోండి: వచ్చినవాళ్లలో చెవి సరిగా వినబడనివారు ఉన్నారా? ‘మైకు వద్దులెండి, నా గొంతు పెద్దదే’ అని రచయిత అన్నా, వినలేనివారు చెయ్యెత్తి చెప్పుకోరు. కాబట్టి మీ దగ్గర మైకు ఉంటే వాడండి.

ప్రశ్న: సంతకాల దగ్గర గందరగోళం అవుతోంది. కొందరు విసిగి వెళ్లిపోతున్నారు.

ఒక్కొక్కరికి 45 సెకన్లు వేసుకుంటే 40 మందికి అరగంట పడుతుంది. పేరు అడగడం, రాసే పేజీ వెతకడం కూడా రచయితే చేస్తే ఇది గంట దాటుతుంది. అందుకే బిల్లు వేసేటప్పుడే చిన్న చీటీ మీద పేరు రాయించి, సంతకం చేసే పేజీ దగ్గర పెట్టి ఇవ్వండి. పేరు కొన్నవారి చేతే రాయించాలి, మీరు విని రాయకూడదు. మన పేర్లలో శ, ష, సలూ ల, ళలూ వత్తులూ చెవికి సరిగా అందవు. శైలజను సైలజగా రాసిన పుస్తకాన్ని ఎవరికి అమ్ముతారు? పేరు ఏ లిపిలో కావాలో కూడా ఆ చీటీయే చెబుతుంది. పేరు వద్దు, సంతకం చాలనేవారి పుస్తకంలో ఖాళీ చీటీ పెట్టండి.

సంతకానికి పుస్తకం పేరు, రచయిత పేరు ఉన్న లోపలి పేజీ సరైన చోటు. అట్ట లోపలి నున్నటి కాగితం మీద చేస్తే సిరా ఆరక ఎదుటి పేజీకి అంటుకుంటుంది. స్పిరిటు వాసన వచ్చే మార్కరు పలుచని కాగితంలోంచి అవతలికి దిగిపోతుంది. మామూలు కాగితానికి త్వరగా ఆరే సన్నటి నల్ల పెన్ను బాగుంటుంది. అదే రకంవి నాలుగు ఉంచి, పాడైన కాపీ మీద ముందు రాసి చూడండి. జెల్ పెన్నైతే సంతకం మీద చిన్న పీల్చుడు కాగితం పెట్టి పుస్తకం మూయండి.

వరస వాకిలి వైపు కాకుండా బీరువాల వెంబడి సాగాలి. నిలబడ్డవాళ్లు చేతికందిన పుస్తకం తిరగేస్తారు, విసుగు తగ్గుతుంది, కొట్టుకూ అమ్మకం. రచయిత పక్కన ఒక మనిషి నిలబడి పేజీ తెరిచి అందించాలి, ఫొటో తీసిపెట్టాలి, మాటలు మరీ సాగితే నెమ్మదిగా కదిలించాలి. పెద్దవాళ్లనూ చంటిపిల్లలు ఉన్నవాళ్లనూ ముందుకు పిలవండి. వేరేచోట కొన్న పుస్తకం తెచ్చినవారిని వెనక్కి పంపకండి. వరసలో ఉన్నవారు అయ్యాక తప్పకుండా చేయిస్తామని చెబితే ఉంటారు. రాలేకపోయినా సంతకంతో కావాలని ముందే డబ్బు కట్టినవారి జాబితా ఉంటే, అవి సభకు ముందే చేయించండి. చివరికి వదిలేస్తే రచయిత చెయ్యి నొప్పెడుతుంది, బండి వేళా అయిపోతుంది.

ప్రశ్న: ఆరుగురే వచ్చారు. రచయిత ముఖం చూడలేకపోయాం.

పది నిమిషాలకు మించి ఎదురుచూడకండి. కుర్చీలు తీసేసి ఎనిమిదింటిని గుండ్రంగా వేయండి, మైకు పక్కన పెట్టండి, రచయితను వాళ్ల మధ్యే కూర్చోబెట్టండి. రానివాళ్ల గురించి వచ్చినవాళ్ల దగ్గర నొచ్చుకోకండి, వాళ్లకు తప్పు చోటికి వచ్చామన్న భావన కలుగుతుంది. ఆరుగురితో జరిగే సంభాషణలో ప్రతి ఒక్కరూ మాట్లాడగలరు, పెద్ద హాలులో ఇది దొరకదు. మిగిలిన కాపీల్లో కొన్నింటి మీద సంతకాలు చేయించి, మర్నాడు బల్ల మీద ముందు వరసలో పెట్టండి.

ఎందుకు రాలేదో మాత్రం వెతకాలి. ప్రకటన మూడు వారాల ముందు మొదలై, వారం ముందు, ముందురోజు, ఆ రోజు పొద్దున మళ్లీ గుర్తుచేయాలి. రుసుం లేనప్పుడు పేరు నమోదు చేసుకున్నవాళ్లలో చాలామంది రారు, గుర్తుచేస్తే కొంత నయం. ప్రకటనలో రచయిత పేరూ పుస్తకం పేరూ ఉంటే చాలదు. ఆ సాయంత్రం దేని గురించి మాట్లాడుకుంటారో ఒక వాక్యం ఉండాలి. ఆ పేరు తెలియని మనిషి ఆ వాక్యం చూసే వస్తాడు. తేదీతో పాటు వారం, ఎన్నింటికి ముగుస్తుంది, మెట్లు ఉన్నాయా అన్నవి రాయండి.

ప్రశ్న: మెట్లు అంటే గుర్తొచ్చింది. మా వాకిలికి ఒక మెట్టు ఉంది, 6 అంగుళాలు. చక్రాల కుర్చీలో వచ్చేవారికి ఏం ఏర్పాటు చేయాలి?

అంగుళం ఎత్తుకు అడుగు పొడవు చొప్పున వాలు ఉండాలి. మీ మెట్టుకు 6 అడుగుల వాలుబల్ల కావాలి. అంతకంటే పొట్టిది వేస్తే ఎక్కడం కష్టం, దిగేటప్పుడు ప్రమాదం. వాలుబల్లకు రెండు పక్కలా అంచు ఉండాలి, పైన గరుకు పట్టీ అంటించాలి, కిందివైపు జారకుండా బిగించాలి. లోపల దారి 3 అడుగుల వెడల్పు ఎక్కడా తగ్గకూడదు. అమ్మకం కోసం పేర్చిన పుస్తకాల గుట్టలే ఎక్కువసార్లు అడ్డమవుతాయి. కూర్చునే చోటు రెండున్నర అడుగుల వెడల్పు, 4 అడుగుల పొడవు, వరస చివరన, పక్కన తోడు వచ్చినవారికి ఒక కుర్చీతో. ఆ చోటును సభ మొదలయ్యే దాకా ఖాళీగా ఉంచండి. అవసరమైనప్పుడు కుర్చీ తీసేద్దామనుకుంటే, అందరినీ లేపి దారి చేయాల్సి వస్తుంది, వచ్చినవారు ఇబ్బంది పడతారు. సంతకాల బల్ల కూడా కూర్చున్న మనిషికి అందే ఎత్తులో, రెండున్నర అడుగులు దాటకుండా చూసుకోండి.

ప్రశ్న: సభను రికార్డు చేసి పెట్టుకోవచ్చా?

రచయితను ముందే అడిగి, ఒప్పుకుంటే చేయండి. సంభాషణ వరకు రచయిత మాట చాలు. పుస్తకంలోంచి చదివిన భాగాన్ని అందరికీ అందుబాటులో పెట్టాలంటే ప్రచురణకర్త అనుమతి కూడా తీసుకోవాలి, ఆ హక్కు ఎవరి దగ్గర ఉందన్నది వాళ్ల ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. వాకిలి దగ్గర రికార్డు చేస్తున్నామని కాగితం అంటించండి. ఫొటోలో పడకూడదనుకునేవారికి ఒక పక్క వరస కేటాయించండి. వెనక కుర్చీలో పెట్టిన ఫోను దగ్గులూ ఫ్యాను చప్పుడూ పట్టుకుంటుంది, రచయిత గొంతు మాత్రం లోతుగా నూతిలోంచి వచ్చినట్టుంటుంది. ఫోనును రచయిత ముందున్న బల్ల మీద, మెత్తటి గుడ్డ మీద పెట్టండి. గుడ్డ లేకపోతే గ్లాసు పెట్టిన ప్రతిసారీ బల్ల చప్పుడు అందులో పడుతుంది.